కంట్రోలర్ కొనే ముందు ఒకసారి వెనక్కి తిప్పి చూడండి

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో సెరాటో డీజే లైట్ అనే డీజే సాఫ్ట్‌వేర్ వేసుకుని కొన్ని నెలలుగా కీబోర్డు, మౌస్‌తోనే పాటలు కలుపుతున్నాను. విండోస్, 8 జీబీ ర్యామ్. ఇక డీజే కంట్రోలర్ కొందామని చూడడం మొదలుపెడితే తల తిరిగిపోతోంది. రెండు ఛానళ్లది చాలా, నాలుగు ఛానళ్లది తీసుకోవాలా? జాగ్ వీల్ పెద్దదైతే మిక్సింగ్ బాగా వస్తుందా? ఈమధ్య చిన్న చిన్న పార్టీల్లో వాయించమని అడుగుతున్నారు కూడా. తెలిసినాయన ఒకరు తన పాత నాలుగు ఛానళ్ల కంట్రోలర్‌ని సగం ధరకే ఇస్తానంటున్నారు. తీసుకోవచ్చా?
— పేరు వేయొద్దన్న పాఠకుడు

సమాధానం: ఛానళ్ల (ఒకేసారి పాటలు నడిచే దారుల) గురించి అడిగారు, జాగ్ వీల్ (పాటని చేత్తో తోసే చక్రం) గురించి అడిగారు. సౌండు బయటికి ఏ జాక్‌లోంచి వెళ్తుందన్న ఊసు మాత్రం మీ ఉత్తరంలో లేదు. పార్టీల్లో వాయించబోయే మనిషి మొట్టమొదట చూడాల్సింది అదే. కంట్రోలర్ పైన ఎన్ని లైట్లు వెలుగుతున్నా, ఒకసారి వెనక్కి తిప్పి అక్కడున్న జాక్‌లు చూస్తే దాని స్థాయి ఏమిటో సగం తెలిసిపోతుంది.

కంట్రోలర్‌లో రెండు వస్తువులు ఒకే డబ్బాలో ఉంటాయి. మొదటిది, మీ వేలి కదలికల్ని మిడి అనే డిజిటల్ సంకేతాలుగా మార్చి ల్యాప్‌టాప్‌కి పంపే బటన్లు, నాబ్‌లు, ఫేడర్లు. రెండోది సౌండ్‌కార్డు. మామూలు కంట్రోలర్లలో పాటలు కలిసేది సాఫ్ట్‌వేర్ లోపలే. కలిసిన ధ్వని తిరిగి యూఎస్‌బీ వైరు మీదే కంట్రోలర్‌కి వచ్చి, అక్కడి సౌండ్‌కార్డు గుండా స్పీకర్లకి పోతుంది. ఈ సౌండ్‌కార్డుకి కనీసం నాలుగు ఔట్‌పుట్లు ఉండాలి: రెండు మాస్టర్‌కి (జనం వినే స్పీకర్లకి వెళ్లే లైను), రెండు హెడ్‌ఫోన్‌కి. జనం ఒక పాట వింటుండగా తర్వాతి పాట మీ చెవిలో మాత్రమే వినిపించాలంటే దారి ఇదే. బాగా చవకగా దొరికే కొన్ని చిన్న కంట్రోలర్లలో సౌండ్‌కార్డు ఉండదు. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్‌కి స్ప్లిటర్ వైరు తగిలించి ఎడమ వైపు స్పీకర్లకి, కుడి వైపు చెవికి పంపుకోమంటారు. అప్పుడు రెండూ మోనో అయిపోతాయి. అలాంటివాటి జోలికి పోకండి.

ఇక జాక్‌లు. చిన్న కంట్రోలర్ల మాస్టర్ ఔట్ సాధారణంగా ఎరుపు, తెలుపు రంగుల ఆర్‌సీఏ. ఇది అన్‌బ్యాలెన్స్‌డ్ కనెక్షన్. మూడు నాలుగు మీటర్లు దాటితే చుట్టుపక్కల కరెంటు వైర్ల రొద లోపలికి చేరడం మొదలవుతుంది. ఎక్స్ఎల్ఆర్ బ్యాలెన్స్‌డ్ కనెక్షన్. అందులో ఒకే సంకేతం రెండు తీగల మీద, ఒకటి తలకిందులుగా ప్రయాణిస్తుంది. దారిలో చేరే రొద మాత్రం రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి అవతలి చివర వాటి తేడా తీసుకున్నప్పుడు అది చెల్లిపోతుంది. పదుల మీటర్లు లాగినా ఇబ్బంది ఉండదు. సిగ్నల్ స్థాయి కూడా ఎక్కువే: ప్రొఫెషనల్ పరికరాల ప్రామాణిక స్థాయి ప్లస్ 4 డీబీయూ, ఇంటి ఆడియో పరికరాలది మైనస్ 10 డీబీవీ. బలహీనమైన సిగ్నల్ పంపితే సౌండ్ మనిషి తన మిక్సర్‌లో గెయిన్ పెంచుతాడు; పాటతో పాటు హిస్ కూడా పెరుగుతుంది.

అలాగని ఆర్‌సీఏ ఉంటే పార్టీకి పనికిరాదని కాదు. కంట్రోలర్ పక్కనే స్టీరియో డీఐ బాక్స్ (అన్‌బ్యాలెన్స్‌డ్ సిగ్నల్‌ని బ్యాలెన్స్‌డ్‌గా మార్చే డబ్బా) పెట్టి, ఒక మీటరు ఆర్‌సీఏ వైరుతో దానికి కలిపి, అక్కణ్నుంచి ఎక్స్ఎల్ఆర్ వైర్లు లాగితే సరిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ తీసుకుంటే ఇంకో గొడవ కూడా తీరుతుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టగానే స్పీకర్లలో 'మ్మ్' అని వినిపించే హమ్ సంగతి చెబుతున్నా. ల్యాప్‌టాప్ ఎర్త్ ఒక దారిన, స్పీకర్ల ఎర్త్ ఇంకో దారిన పోయి మధ్యలో ఆడియో వైరు షీల్డుతో చుట్టు పూర్తయినప్పుడు అది పుడుతుంది. కనిపెట్టడం తేలిక: ఛార్జర్ పీకండి, హమ్ ఆగితే దోషం అక్కడే. ముందు అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి చూడండి. అయినా పోకపోతే ఆడియో వైరు మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఐసొలేటర్ గానీ, గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉన్న డీఐ గానీ వాడండి. ప్లగ్గు ఎర్త్ పిన్ విరిచేయమని సలహా ఇచ్చేవాళ్లు ఎక్కడికెళ్లినా తగులుతారు. షాక్ కొట్టకుండా కాపాడేది ఆ పిన్నే, దాన్ని ముట్టుకోవద్దు.

బూత్ ఔట్ అంటే మీ పక్కన పెట్టుకునే మానిటర్ స్పీకర్‌కి వేరే వాల్యూమ్‌తో వెళ్లే లైను. పెద్ద స్పీకర్లు మీకు దూరంగా ఉన్న చోట్ల దాని విలువ తెలుస్తుంది: ధ్వని మీటరు దూరం పోవడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది, 15 మీటర్ల అవతలి స్పీకర్ వింటూ బీట్ కలిపితే 44 మిల్లీసెకన్లు ఆలస్యంగా విన్నట్టు. బూత్ ఔట్ లేకపోతే రెండు పాటలూ హెడ్‌ఫోన్‌లోనే విని కలుపుకోవచ్చు. కాబట్టి బూత్ లేదని మంచి కంట్రోలర్‌ని వదిలేయక్కర్లేదు.

పార్టీల్లో మైకు తప్పకుండా అడుగుతారు. మైక్ జాక్ ఉందా అని మాత్రమే చూసి సంతోషపడకండి. దానికి సొంత వాల్యూమ్ నాబ్ ఉందా అనేది చూడండి. చిన్నవాటిలో కొన్నిటికి మైకు ధ్వని సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లకుండా నేరుగా మాస్టర్ ఔట్‌లో కలుస్తుంది. ఆలస్యం లేకుండా వినిపించడం అందులో లాభం. సెట్ రికార్డు చేస్తే మాట పడకపోవడం నష్టం.

జాక్‌ల తర్వాత చూడాల్సింది సాఫ్ట్‌వేర్. మీరిప్పుడు వాడుతున్న సెరాటో డీజే లైట్‌లో రెండు డెక్కులే (పాట ఎక్కించి నడిపే చోట్లు) ఉంటాయి. నాలుగు ఛానళ్ల కంట్రోలర్ కొని లైట్‌తోనే నడిపితే సగం మిషను ఊరికే ఉంటుంది. అందుకే పెట్టె మీద 'సెరాటో' అన్న పేరు చూసి ఆగిపోకుండా, దాంతో లైట్ వస్తుందా, డబ్బు కట్టి తీసుకునే ప్రో లైసెన్సు వస్తుందా అన్నది చదవండి. ధరలో ఆ తేడా కలుపుకుంటే ఒక్కోసారి చవకది ఖరీదైనదిగా తేలుతుంది. ముందు పరీక్షించుకోకుండా సాఫ్ట్‌వేర్ మార్చే పని పెట్టుకోవద్దు. క్యూ పాయింట్లు (పాటలో మీరు గుర్తు పెట్టుకున్న చోట్లు), బీట్ గ్రిడ్‌లు (బీట్లు ఎక్కడెక్కడ పడతాయో చూపే గీతలు), ప్లేలిస్టులు అన్నీ ఆ సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో ఉంటాయి. మార్చే టూల్స్ ఉన్నాయి గానీ కొన్ని ఎంపీ3 ఫైళ్లలో గ్రిడ్ పదుల మిల్లీసెకన్లు పక్కకి జరిగి కూర్చుంటుంది. ఆ పాటలన్నీ మళ్లీ ఒక్కొక్కటిగా సరిచేసుకోవాలి. ముందుముందు క్లబ్బుల్లో సీడీజే ప్లేయర్ల మీద వాయించాలన్న ఆలోచన గట్టిగా ఉంటే మాత్రం లైబ్రరీ చిన్నగా ఉన్న ఇప్పుడే రెకార్డ్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌కి మారడం మేలు. అందులో సిద్ధం చేసిన పెన్‌డ్రైవ్‌ని ఆ ప్లేయర్లు నేరుగా చదువుతాయి. డబ్బు పెట్టకుండా ప్రయోగాలు చేయాలంటే మిక్స్ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, పూర్తిగా ఉచితం. మీ కంట్రోలర్‌కి మ్యాపింగ్ ఫైలు ఉందో లేదో ముందు చూసుకోవాలి.

ఇప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోని పిచ్ ఫేడర్ (పాట వేగాన్ని మార్చే జారుడు మీట) దగ్గరికి వద్దాం. నాణ్యమైన కంట్రోలర్‌కీ బొమ్మ కంట్రోలర్‌కీ తేడా ఇక్కడ బయటపడుతుంది. ఫేడర్ పొడవు చిన్నవాటిలో 60 మిల్లీమీటర్లు ఉంటే పెద్దవాటిలో 100 దాకా ఉంటుంది. పొడవు కన్నా ముఖ్యం అది పంపే అంకెల సంఖ్య. మామూలు మిడి సందేశం 7 బిట్లు, అంటే మొత్తం ప్రయాణంలో 128 మెట్లు. ప్లస్ మైనస్ 8 శాతం రేంజ్ పెట్టుకుంటే ఒక్కో మెట్టు 0.126 శాతం పడుతుంది. 128 బీపీఎం (నిమిషానికి బీట్లు) పాటలో అది 0.16 బీపీఎం. మీకు కావాల్సిన వేగం సరిగ్గా రెండు మెట్ల నడుమ ఉందనుకోండి. అర మెట్టు తేడాతోనే నిమిషం తిరిగేసరికి రెండు పాటల కిక్‌లు (డ్రమ్ దెబ్బలు) దాదాపు 38 మిల్లీసెకన్లు విడిపోతాయి. కిక్ ఒక్కటిగా కాకుండా 'ద-దబ్' అని రెండుగా వినిపిస్తుంది. ఎంత నేర్పున్నా చేయి దాన్ని ఆపలేదు, మధ్యలో మెట్టే లేదు కనుక. 14 బిట్ల ఫేడర్‌లో 16,384 మెట్లు. ఈ బాధ ఉండదు.

దుకాణంలోనే తేల్చుకోవచ్చు. కంట్రోలర్ తగిలించి, పిచ్ ఫేడర్‌ని గోటితో నెట్టినంత మెల్లగా కదుపుతూ తెరమీద టెంపో అంకె చూడండి. 0.01, 0.02 చొప్పున జారుతుంటే మంచిది. 0.1 కన్నా ఎక్కువ గంతులేస్తుంటే అది తక్కువ మెట్లది. ఆ తర్వాత ఫేడర్ మీంచి వేలు తీసేయండి. అంకె దానంతటది వణుకుతుంటే లోపలి పాట్ (ఫేడర్ స్థానాన్ని కొలిచే భాగం) బాగోలేదు.

రెండు పాటల వేగాన్ని తనంతట తానే కలిపే సింక్ బటన్ ఉండగా ఇదంతా దేనికని అనిపించొచ్చు. సింక్ చూసేది బీట్ గ్రిడ్‌ని, పాటని కాదు. కంప్యూటర్‌లో తయారైన డ్యాన్స్ ట్రాకులకి గ్రిడ్ చక్కగా కుదురుతుంది. మనుషులు డ్రమ్స్ వాయించి రికార్డు చేసిన పాటల్లో లయ కొంచెం ముందుకీ వెనక్కీ ఊగుతుంది. అక్కడ గ్రిడ్ మొదటి నిమిషంలో కుదిరి మూడో నిమిషంలో తప్పుతుంది, సింక్ ధీమాగా తప్పుగా కలుపుతుంది. అప్పుడు మిమ్మల్ని ఆదుకునేవి పిచ్ ఫేడరూ, జాగ్ వీల్ అంచూ.

జాగ్ వీల్ గురించి అడిగారు కాబట్టి: పెద్దదైనంత మాత్రాన మిక్సింగ్ బాగుపడదు. పాటలు కలపడంలో జాగ్ చేసే పని, అంచు పట్టుకుని చిన్నగా ముందుకో వెనక్కో తోయడం. 5, 6 అంగుళాల చక్రం దానికి నిక్షేపంగా చాలు. స్క్రాచింగ్ (పాటని చేత్తో ముందుకీ వెనక్కీ గీకి శబ్దాలు పుట్టించడం) చేయాలంటే చేతికి చోటు కావాలి, అప్పుడు పరిమాణం లెక్కలోకి వస్తుంది. మోటరు తిరిగే చక్రాలు కూడా అంతే. రేన్ వన్‌లో 7.2 అంగుళాల మోటరు ప్లాటర్లు ఉంటాయి, వినైల్ మీద చేయి తిరిగినవాళ్లకి అవి వరమే. మీలాంటి అవసరానికి బరువు, ఖర్చు తప్ప వాటితో ఒరిగేదేమీ లేదు. మోటరు లేని చక్రాల్లో చాలావాటికి పైభాగం వేలి స్పర్శని గుర్తించేది కాబట్టి ఒక పరీక్ష చేయండి: పాట నడుస్తుండగా ఒక్క వేలి కొనతో పైన తాకండి, వెంటనే ఆగాలి. తీసేయండి, వెంటనే నడవాలి. పొడి వేలితోనూ, కాస్త తడి వేలితోనూ చూడండి. తీసిన తర్వాత అర క్షణం తడబడి నడిచిందంటే దాన్ని వదిలేయండి.

ఛానళ్ల సంగతి: రెండు చాలు. నాలుగు ఛానళ్ల కంట్రోలర్లలో చాలావాటికి చక్రాలు మాత్రం రెండే ఉంటాయి. ఒక బటన్ నొక్కి ఎడమ చక్రాన్ని 1వ డెక్కు నుంచి 3వ డెక్కుకి మార్చుకోవాలి. మారగానే పిచ్ ఫేడర్ ఉన్న చోటికీ, 3వ డెక్కు అసలు టెంపోకీ పొంతన ఉండదు. మీరు ఫేడర్‌ని జరిపి ఆ స్థానం దాకా తెచ్చేవరకూ అది పట్టు దొరకకుండా ఉంటుంది. ఈ తికమక రెండు పాటలు శుభ్రంగా కలపడం వచ్చినవాళ్లకి ఇబ్బంది కాదు. నేర్చుకునే దశలో మాత్రం చిరాకు తెప్పిస్తుంది. పాట మీద పాట కాకుండా ఒక లూపు, దానిమీద ఒక గొంతు, ఇంకో డ్రమ్ ట్రాకు వేసి ఆడుకోవాలన్న సరదా ఉన్నవాళ్లకి, లేదా బయటి టర్న్‌టేబుల్ తగిలించేవాళ్లకి నాలుగు కావాలి.

ఛానళ్ల సంఖ్య కన్నా ప్రతి ఛానల్‌కీ ట్రిమ్ నాబ్, మూడు బ్యాండ్ల ఈక్యూ, ఫిల్టర్, విడిగా లెవెల్ మీటర్ ఉన్నాయా అని చూడండి. మీటర్ చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, కొత్తవాళ్ల సెట్లు పగిలినట్టు వినిపించడానికి కారణం చాలాసార్లు అది లేకపోవడమే. ఒక పాట మెల్లగా రికార్డయి ఉంటుంది, ఇంకోటి గట్టిగా. ట్రిమ్‌తో రెండింటినీ ఒకే ఎత్తుకి తెచ్చి, ఛానల్ మీటర్ పైన ఎరుపు అంటకుండా ఉంచి, తర్వాతే ఫేడర్ లేపాలి. డిజిటల్‌లో సున్నా డీబీ దాటితే అల కొన కోసుకుపోతుంది. ఆ పగులుని స్పీకర్ దగ్గర ఎంత తగ్గించినా బాగుచేయలేరు. సౌండ్ సరిపోకపోతే పెంచాల్సింది అవతలి ఆంప్లిఫయర్‌ని, మీ మాస్టర్‌ని కాదు.

ఒక పాట నుంచి ఇంకోదానికి మారడానికి అడ్డంగా జరిపే క్రాస్‌ఫేడర్‌కి స్క్రాచింగ్ ఉద్దేశం లేకపోతే ఎక్కువ ఖర్చు పెట్టకండి. కార్బన్ ట్రాక్ మీద గీసుకుంటూ నడిచేవి దుమ్ము చేరితే చిటపటలాడతాయి. అయస్కాంతంతో స్థానం గుర్తించేవాటిలో ఒరిపిడి లేదు కాబట్టి చాలాకాలం నిలుస్తాయి. ప్యాడ్‌లు డెక్కుకి ఎనిమిది ఉంటే సరి. రంగులు, తెరలు, ఎఫెక్టుల పేర్లు మీ ఇష్టం.

మోడళ్లు చెప్పమంటారు కదా. పయనీర్ డీజే డీడీజే-ఎఫ్ఎల్ఎక్స్4 రెండు ఛానళ్లది, సెరాటో డీజే లైట్‌తోనూ రెకార్డ్‌బాక్స్‌తోనూ నడుస్తుంది, కాబట్టి ఇవాళ మీకున్న లైబ్రరీతో మొదలుపెట్టి రేపు మారాలన్నా దారి మూసుకుపోదు. మాస్టర్ ఔట్ ఆర్‌సీఏ మాత్రమే కనుక పైన చెప్పిన డీఐ బాక్స్ ఖర్చు కలుపుకోండి. నూమార్క్ మిక్స్‌ట్రాక్ ప్రో ఎఫ్ఎక్స్ కూడా ఈ తరగతిదే. దీని చక్రాలు 6 అంగుళాలవి, మాస్టర్ ఔట్ ఇక్కడా ఆర్‌సీఏనే. ఎక్స్ఎల్ఆర్ కావాల్సిందే అనుకుంటే నాలుగు ఛానళ్ల తరగతికి వెళ్లక తప్పదన్నంత పని: డీడీజే-ఎఫ్ఎల్ఎక్స్10, ట్రాక్టర్ కంట్రోల్ ఎస్4 మార్క్ 3 లాంటివి. అక్కడ ధర ఒక్కసారిగా ఎక్కుతుంది. మీ స్థితిలో రెండు ఛానళ్లది, డీఐ బాక్స్, కళ్లు మూసుకుని నమ్మదగ్గ క్లోజ్డ్‌బ్యాక్ హెడ్‌ఫోన్ కొనడం తెలివైన పని.

ల్యాప్‌టాప్ సంగతీ చూసుకోవాలి. రెండు డెక్కులకి 8 జీబీ సరిపోతుంది. పాటలోంచి గొంతు, డ్రమ్స్ విడదీసే స్టెమ్స్ వాడాలంటే 16 ఉంటేనే నిశ్చింత. కంట్రోలర్ కంపెనీ ఏసియో డ్రైవర్ (విండోస్‌లో ధ్వని ఆలస్యాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్) ఇచ్చి ఉంటే దాన్ని ముందు ఇన్‌స్టాల్ చేసి, ఆ తర్వాతే వైరు పెట్టండి. బఫర్ (ధ్వనిని కాసేపు నిల్వ ఉంచి పంపే మెమరీ) 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 512 శాంపిళ్లు అంటే 11.6 మిల్లీసెకన్లు, 256 అంటే 5.8. ముందు 512తో మొదలెట్టండి. గంటసేపు క్లిక్కులు లేకుండా నడిస్తే 256కి దించండి. స్క్రాచింగ్ చేయకపోతే అంతకన్నా కిందికి దించడంలో అర్థం లేదు. ధ్వని తెగే ప్రమాదం తప్ప లాభం కనపడదు.

మధ్యలో ధ్వని టకటక తెగితే కంట్రోలర్‌ని తిట్టుకునే ముందు యూఎస్‌బీ చూడండి. వైరు నుంచే కరెంటు తీసుకునే కంట్రోలర్‌కి యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు. కరెంటు సొంతంగా లేని హబ్‌కి దాన్నీ, మౌస్‌నీ, హార్డ్‌డిస్క్‌నీ కలిపి తగిలిస్తే ఆ కాస్తా పంచుకోవాలి; లైట్లు మసకబారడం, పార్టీ మధ్యలో కనెక్షన్ పోయి తిరిగి రావడం జరుగుతాయి. నేరుగా ల్యాప్‌టాప్ పోర్టుకే, ఒకటి రెండు మీటర్లలోపు మందమైన వైరుతో కలపండి. విండోస్ పవర్ సెట్టింగుల్లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయండి. వాయించేటప్పుడు వైఫై, బ్లూటూత్ కూడా ఆపి ఉంచండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో వైర్‌లెస్ డ్రైవరే ప్రాసెసర్‌ని క్షణకాలం పట్టి ఉంచి క్లిక్కులు పుట్టిస్తుంది.

ఇక ఆ పాత కంట్రోలర్. సగం ధర అన్నది దానంతటది కారణం కాదు. ముందు దాని మోడల్ పేరుతో తయారీదారు సైటులో, మీ విండోస్ వెర్షన్‌కి డ్రైవర్ ఉందా అనీ, మీ సాఫ్ట్‌వేర్ తన మద్దతు జాబితాలో దాన్ని ఇంకా ఉంచిందా అనీ చూడండి. లేదంటే మిషను ఎంత కొత్తగా మెరుస్తున్నా చర్చ అక్కడితో ఆపేయండి. ఉందంటే, మీ ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి దాంతోనే పరీక్షించండి. ఆయన ల్యాప్‌టాప్‌లో పనిచేసింది మీ దాంట్లో పనిచేయకపోవచ్చు.

ఎడమ డెక్కులో పాట పెట్టి క్రాస్‌ఫేడర్‌ని కుడి చివరికి నెట్టి, హెడ్‌ఫోన్‌లో మాస్టర్ వినండి. సన్నగానైనా పాట కారుతుంటే ఫేడర్ అరిగింది. ఛానల్ ఫేడర్లని కూడా కిందికి దించి ఇలాగే చూడండి. ప్రతి నాబ్‌నీ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పుతూ తెరమీది నాబ్ గంతులు లేకుండా వెంట వస్తోందా చూడండి. ఒక్కో ప్యాడ్‌ని పది సార్లు నొక్కండి. ఒక నొక్కుకి రెండుసార్లు మోగేది, మూడు నొక్కులకి ఒకసారి మోగేది రెండూ పోయినవే. పాట నడుస్తుండగా యూఎస్‌బీ ప్లగ్గుని, హెడ్‌ఫోన్ జాక్‌ని మెల్లగా అటూ ఇటూ కదపండి. ధ్వని తెగితే లోపల టంకం వదిలిందని లెక్క. హెడ్‌ఫోన్ జాక్ అయితే బాగుచేయించుకోవచ్చు, యూఎస్‌బీ పోర్టు ఊగుతుంటే మాత్రం బేరం చేయకండి.

అవన్నీ దాటి, సెరాటో ప్రో ఖర్చు కలిపినా కొత్త రెండు ఛానళ్లదాని ధర లోపే వస్తుంటే తీసుకోండి. ఎక్స్ఎల్ఆర్ ఔట్ ఉందంటే ఇంకా మంచిది. అడాప్టర్‌తో నడిచేదైతే దాని అసలు అడాప్టర్‌నే అడిగి తీసుకోండి. వేరేది ఇస్తే దానిమీది వోల్టేజీ, ప్లగ్గు ధ్రువాల గుర్తు కంట్రోలర్ వెనక ముద్రించినవాటితో సరిగ్గా కలవాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు.